‘రేపు’ అనకూడదు

వంటింటి పక్క గది,
జూన్

మొద్దుకి,

అక్క రాసేది. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని మొహం చిట్లించకు. ఫోన్లో అయితే మనిద్దరం రెండో నిమిషంలో పోట్లాడుకుంటాం, మూడో నిమిషంలో నువ్వు పెట్టేస్తావు. ఉత్తరమైతే కనీసం నా మాట ఆఖరిదాకా వింటావు. పైగా పొద్దస్తమానం తెర ముందు కూర్చుని కళ్లు మండిపోతున్నాయి. చెల్లెలితో కూడా తెర మీదే మాట్లాడాలంటే నావల్ల కాదు.

మా కాలేజీకి తాళం వేశారు. బోర్డులు, బెంచీలు అన్నీ లోపలే ఉన్నాయి, మేమే బయట ఉన్నాం. ఇక డిగ్రీ పిల్లలకు పాఠాలన్నీ ఇంట్లోంచేనట. అది కూడా ఊరికే కాదు, ఆన్‌లైన్ బోధన మీద శిక్షణ పొంది అందులో నెగ్గాలి. నెగ్గినవాళ్లకు క్లాసులు ఉంటాయి, నెగ్గనివాళ్లను ఇంటికి పంపేస్తారు. “ఆల్రెడీ ఇంట్లోనే ఉన్నావుగా, ఇంకే ఇంటికి పంపుతారు?” అని మీ బావ ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా గణాంకశాస్త్రం చెప్పడం తప్ప నాకు ఇంకో పని రాదు. క్లాసు పోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు.

శిక్షణ ఇచ్చేదెవరా అని చూస్తే, మా కాలేజీల హెడ్డాఫీసులో నువ్వు! నేను ఎక్కాలు నేర్పిన పిల్ల ఇప్పుడు నాకు పాఠం చెప్పడం నేర్పుతుందట. ఏడో ఎక్కం దగ్గర ఏడ్చినదానివి! సర్లే, గుడ్డి కన్నా మెల్ల నయం.

మొదటి రోజు నువ్వు “కెమెరాలోకి చూడండి, విద్యార్థి కళ్లలోకి చూసినట్టుంటుంది” అన్నావు. ఆ గాజుగుండులో ఎవరి కళ్లున్నాయే? నా పద్ధతి నీకు తెలుసుగా. ప్రతి పాఠంలోనూ లెక్క చేస్తూ చేస్తూ ఒకచోట కావాలని తప్పు చేస్తాను. చివర్లో “ఇందులో ఒక తప్పుంది, పట్టుకోండి, రేపు చెబుతా” అని బయటికొచ్చేస్తాను. మర్నాడు నేను వెళ్లేసరికి పిల్లలు వరండాలో కొట్టుకుంటూ ఉంటారు, నాది సరంటే నాది సరని. నీ కూతురు చిన్నప్పుడు సెలవులకు వచ్చి నాతో ఆడిన ఆట కూడా అదే కదా. తప్పు దొరికేదాకా అన్నం తినేది కాదు పిచ్చిపిల్ల. ఆ గాజుగుండుతో అలా ఆడటం ఎలాగో కాస్త చెప్పు.

నన్ను గట్టెక్కించు. అడగడం నాకు చేతకాదని నీకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

అక్క

*

హెడ్డాఫీసు, ఐదో అంతస్తు,
జూలై

అక్కకి,

నమస్కారాలు. ముందుగా ఒక మనవి. కవరు మీద ‘మొద్దు’ అని రాయకు. మా అటెండరు సీట్ల మధ్యలో నిలబడి “మొద్దుగారెవరండీ?” అని కేకేశాడు. తొమ్మిది మంది తలెత్తారు. చెయ్యెత్తింది నేనే.

నీ మొదటి రికార్డింగు చూశాను. గొంతు బాగుంది, రాత బాగుంది. కానీ మార్చుకోవలసినవి చాలా ఉన్నాయి, అందరికీ చెప్పినట్టే నీకూ చెబుతున్నాను. పిల్లల్ని పేరు పెట్టి పిలవొద్దు. బయట వాన పడుతోందని చెప్పొద్దు. ఎండాకాలం, పరీక్షలు దగ్గరపడ్డాయి, పోయినసారి మీ సీనియర్లు ఇలా చేశారు, ఇలాంటివేవీ వద్దు. అన్నిటికంటే ముఖ్యం, ‘నిన్న’ అనకూడదు, ‘రేపు’ అనకూడదు. ఎందుకంటే విద్యార్థి ఎప్పుడు చూసినా పాఠం అప్పుడే తన కోసం చెబుతున్నట్టు ఉండాలి. శిక్షణలో సగం మార్కులు దీనికే.

నీ ‘తప్పు పట్టుకోండి’ ఆట సంగతి నాకు పట్టదు. మాటలు మాత్రం సరిచూసుకో.

అమ్మాయి డిగ్రీలో చేరింది. గణాంకశాస్త్రమే తీసుకుంది. వద్దంటే వినలేదు, పెద్దమ్మ పిచ్చి దానికి ఇంకా వదల్లేదు.

నీ చెల్లెలు

*

వంటింటి పక్క గది,
ఆగస్టు

అమ్మా మొద్దూ,

కవరు మీద రాయలేదు, లోపల రాశాను. ఇప్పుడు చెయ్యెత్తక్కర్లేదు.

మళ్లీ తప్పానట! నీ కింద పనిచేసే కుర్రాడెవడో రాసి పంపాడు, “మేడమ్ గారు ‘రేపు’ అనే పదాన్ని అదుపు చేసుకోలేకపోతున్నారు” అని. నాకేదో తాగుడు అలవాటున్నట్టు! రేపు అనకుండా టీచరు ఎలా బతుకుతుందే? చెప్పింది బుర్రకెక్కాలంటే ఓ రాత్రి నిద్రపోవాలి కదా పిల్లాడు. నీ పద్ధతిలో పిల్లాడికి నిద్ర లేదు, నాకు తెల్లవారడం లేదు.

మీ బావని తలుపు దగ్గర కాపలా పెట్టాను. నేను ‘రే’ అనగానే గరిటెతో తలుపు మీద కొడతాడు. ఆ గరిట చప్పుడు కూడా రికార్డయి, మళ్లీ మొదటికి. ఇద్దరం వయసు మరిచి పోట్లాడుకున్నాం. ఓసారి కోపంలో “రేపట్నుంచి నీకు వంట లేదు” అన్నాను, అదీ రికార్డయింది. నీ కుర్రాడు దాన్ని కూడా లెక్కలో వేశాడు, దరిద్రుడు.

ఇక నా ఓపిక అయిపోయింది. పాఠాలన్నీ వరసపెట్టి నా పద్ధతిలోనే చెప్పేస్తున్నాను. అందులో రేపు అన్న చోటల్లా నువ్వే కత్తిరించుకో. తప్పుల సంగతి ఎలాగూ లైవ్ క్లాసులో పిల్లలతో తేల్చుకుంటాను. నెగ్గితే క్లాసు ఉంటుందన్నారుగా.

నా మీద జాలిపడి కాదు, నా పాఠం చూసి నెగ్గించు. అర్థమైందా?

అక్క

*

హెడ్డాఫీసు,
అక్టోబరు

ప్రియమైన అక్కకి,

నెగ్గావు. బ్యాచ్ మొత్తంలో నీదే మొదటి స్థానం.

మా పైఅధికారి నీ పాఠాలు మూడు వరసగా చూసి “ఈవిడ ఎవరు? ఇలా చెప్పేవాళ్లు ఉండగా ఇంతకాలం ఎందుకు దాచారు?” అన్నాడు. మా అక్క అని చెప్పలేదు, బాగోదని. రేపు, నిన్న, ఎల్లుండి అన్నీ దగ్గరుండి తీయించాను. ఆ మాట ఉన్న వాక్యం మొత్తం తీసేస్తేనే అతుకు తెలియదన్నారు, అలాగే చేయించాను. మొత్తం సంవత్సరం పాఠాలు వచ్చేశాయి, ఒక్కటి కూడా మిగల్లేదు. ఆమోదించినవారు అన్నచోట నా సంతకమే పెట్టాను. గర్వంగానే పెట్టాను, నిజం చెబుతున్నా.

దీంతో పాటు ఒక కాగితం పంపుతున్నాను. వీడియోలు వాడుకోవడానికి నీ ఒప్పుకోలు. చదవనక్కర్లేదు, అందరూ పెట్టేదే. సంతకం పెట్టి వెంటనే పంపు. ఇక కొన్నాళ్లు హాయిగా ఉండు అక్కా. చాలా కష్టపడ్డావు.

నీ చెల్లెలు

*

వంటింటి పక్క గది,
డిసెంబరు

నీకు,

‘మొద్దు’ అని కూడా రాయబుద్ధి కావడం లేదు. మొద్దులు ఇలాంటి పని చెయ్యలేరు.

మొన్న నోటీసు వచ్చింది. “మీ పాఠాలు సంపూర్ణంగా లభ్యమైనందున ప్రత్యక్ష తరగతుల అవసరం లేదు. మీ సేవలకు కృతజ్ఞతలు.” రెండే ముక్కలు. శిక్షణలో తప్పినవాళ్లు మళ్లీ రికార్డు చెయ్యాలి కాబట్టి ఇంకో ఏడాది ఉంటారట! నేను మొదటి స్థానం కాబట్టి ముందు నేను పోవాలట! ఏమే, ఎక్కడైనా ఉందా ఇది? కష్టపడి ఈత నేర్చుకున్నదాన్ని ముందు నీళ్లలో తోసేస్తారా?

రేపు అనొద్దన్నది పిల్లల కోసం అనుకున్నాను. వాన సంగతి వద్దన్నది పిల్లల కోసమే అనుకున్నాను. ఏ ఏడాది వేసినా పాతబడకుండా ఉండాలని, నేను లేకపోయినా నా బొమ్మ పాఠం చెప్పాలని నువ్వు నా నోట్లోంచి ఒక్కో మాటా పీకేశావు. నీకు మొదటి ఉత్తరం నాడే తెలుసు. గట్టెక్కించమని అడిగాను నిన్ను. సిగ్గు విడిచి అడిగాను! నువ్వు ‘హాయిగా ఉండు’ అని రాశావు.

మీ బావ రెండు రోజులుగా నాతో గట్టిగా మాట్లాడటం లేదు. జబ్బుమనిషి దగ్గర నడిచినట్టు నడుస్తున్నాడు. ఆ నడక చూస్తే నాకు ఒళ్లు మండుతోంది.

నువ్వు బాగుపడవు. తోడబుట్టినదాన్ని కాబట్టే అంటున్నాను.

*

ఇంటి నుంచి,
జనవరి

అక్కకి,

అవును, తెలుసు. పోయేది ఎవరైతే నాకేం, ఆ పని చెయ్యడానికే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. నువ్వు కాకపోతే ఇంకొకరు. నీకు ముందే చెప్పి ఉంటే నువ్వు పాఠాలు ఇచ్చేదానివి కాదు, నా కుర్చీ పోయేది. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోవాలంటే నీదే పోనీ అనుకున్నాను. ఇందుకు నాకు నిద్ర పట్టకపోవడం ఏమీ లేదు.

నువ్వు బాగుపడవన్నావు. కొత్తేముంది? ఇంటికి ఎవరొచ్చినా “ఇది మా మొద్దు, దీనికి చదువు ఎక్కదు” అని పరిచయం చేసేదానివి. చుట్టాలు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని, లేకపోతే ఉడుక్కుంటోంది అంటారని. ఏడో ఎక్కం దగ్గర ఏడ్చానని రాశావు కదా. ఏడ్చింది ఎక్కం రాక కాదు, బెత్తం తగిలి. నీ కాలేజీ పిల్లలు కూడా నిన్ను బెత్తం మేడమ్ అనే అంటారు, అది నీకెవరూ చెప్పి ఉండరు. నీ నోట్లోంచి నేను ఒక మాట తీసేశాను, నా నోట్లో నువ్వు మాటలే లేకుండా చేశావు. లెక్క నువ్వే చూసుకో, లెక్కలదానివి నువ్వేగా.

సరే. తోడబుట్టినందుకు ఒక పని చేశాను. వీడియోల కింద పిల్లలు అడిగే సందేహాలకు జవాబులు రాసే ఉద్యోగం ఒకటి నీ పేరున వేయించాను. పరీక్ష పేపర్లు దిద్దడం కూడా ఉంటుంది. నీ పేరు కనపడదు, ‘సహాయకురాలు’ అని మాత్రమే ఉంటుంది. వీడియోలో ఉన్నది నువ్వేనని ఎవరికీ చెప్పకూడదు, చెబితే అదీ పోతుంది. ఇష్టమైతే చెయ్యి, లేకపోతే లేదు.

అమ్మాయిది నీ సబ్జెక్టే. దాని పరీక్ష నంబరు కింద రాస్తున్నాను. పేపరు నీ దగ్గరికి వస్తే కాస్త చూసుకో. ఇందులో తప్పితే దానికి ఏడాది పోతుంది.

నీ చెల్లెలు

*

వంటింటి పక్క గది,
మార్చి

సహాయకురాలి నుంచి శిక్షణాధికారి గారికి,

ఉద్యోగం చేస్తున్నాను. చెయ్యకుండా ఇంట్లో కూర్చోలేకపోయాను, నువ్వు ఊహించినట్టే.

ఒక తమాషా చెబుతాను విను. ఒకబ్బాయి అడిగాడు. బండి మీద వెళ్లేటప్పుడు గంటకు అరవై, అదే దారిలో వచ్చేటప్పుడు నలభై, సగటు వేగమెంత? నలభై ఎనిమిది, ఎందుకంటే నిదానంగా వచ్చినప్పుడు దారిలో ఎక్కువసేపు ఉన్నావు కదా నాయనా, అని విడమరిచి రాశాను. వాడు ఏమన్నాడో తెలుసా? “వీడియోలో మేడమ్ రెండూ కలిపి సగం చేసి యాభై అన్నారు. మీకు రాకపోతే ఆవిడ పాఠం చూసి నేర్చుకోండి. ఆవిడ ఎంత బాగా చెబుతారో!” నవ్వాలో ఏడవాలో తెలియక మీ బావని పిలిచి చూపించాను. ఆయన చదివి, గరిటతో తలుపు మీద ఒక్కటి కొట్టి వంటింట్లోకి వెళ్లిపోయాడు.

వెళ్లి నా పాఠం చూశాను. యాభై అనే చెప్పాను. అది నేను కావాలని పెట్టిన తప్పే మరి! దాని వెనకాలే “ఇందులో ఒక తప్పుంది, రేపు చెబుతా” అన్నాను. ఆ వాక్యంలో ‘రేపు’ ఉంది. నువ్వు వాక్యం మొత్తం తీయించేశావు. తప్పు మాత్రం మిగిలింది. అన్ని పాఠాలూ తిరగేశాను, ప్రతి దాంట్లోనూ అంతే. మొదటి ఉత్తరంలోనే నా ఆట సంగతి రాశాను నీకు. ‘నాకు పట్టదు’ అన్నావు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. నోటీసు వచ్చిన రోజే నాకు తప్పులు గుర్తొచ్చాయి. చెప్పలేదు. నీ సంతకం కింద కుళ్లనీ అనుకున్నాను. కానీ ఆ అబ్బాయి నమ్మకం చూశాక ఇక దాచలేను. వాడు నన్నే నమ్మి నన్నే తిట్టాడు.

పరీక్ష ముందుంది. ప్రశ్నలు, జవాబులు ఆ వీడియోలు చూసే తయారుచేశారట కదా. జవాబుల పట్టిక మార్పించు. ఆమోదించినదానివి నువ్వు, నువ్వొక్కదానివే మార్చగలవు.

అక్క

*

హెడ్డాఫీసు,
ఏప్రిల్

అక్కకి,

ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

జవాబుల పట్టిక మారదు. ఒక్క పాఠంలో పొరపాటంటే ఏదో సర్దుకోవచ్చు. ఏడాది పాఠాలన్నిట్లోనూ తప్పులున్నాయని, అన్నీ చూసి సంతకం పెట్టింది నేనని నేనే వెళ్లి చెప్పాలా? నీ పాఠాలు చూపించి ఇప్పటికి మూడు కాలేజీల్లో క్లాసులు ఎత్తేశారు. ఇప్పుడు నోరు తెరిస్తే నన్ను కుర్చీతో సహా బయట పడేస్తారు. నువ్వు కావాలనే చేశావని అంటే నిన్నూ వదలరు.

వీడియోలో ఏముంటే అదే సరి. సహాయకులందరికీ ఇదే ఆదేశం పంపాను. పట్టికలో ఉన్న జవాబుకే మార్కు, వేరే జవాబుకు సున్నా. నీ సొంత తెలివి చూపించకు. దిద్దిన పేపర్లు మళ్లీ తనిఖీ చేస్తారు.

పిల్లలకేం కాదులే. అందరూ వీడియో చూసే కదా రాస్తారు.

నీ చెల్లెలు

*

వంటింటి పక్క గది,
మే

చెల్లికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. యాభై అని రాసినవాళ్లందరికీ నిండు మార్కులు వేశాను. చెప్పింది నేనే కదా, ఒప్పుకోవాలి.

ఒక్క పేపరు మాత్రం వేరేగా వచ్చింది. నంబరు చూడకముందే నాకు తెలిసిపోయింది. ప్రతి ప్రశ్నలోనూ నేను పెట్టిన తప్పుని వెతికి పట్టుకుంది. ఒక్కటి కూడా వదల్లేదు. ఇన్నేళ్ల నా సర్వీసులో అన్ని తప్పులూ పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అంచులో చిన్న అక్షరాలతో ఇలా రాసింది: “దిద్దేవారికి. ఈ పాఠాలు చెప్పిన మేడమ్ మా పెద్దమ్మ. ఆవిడ కావాలనే తప్పు పెడతారు, పట్టుకుంటే ఎంతో సంతోషిస్తారు. నలభై ఎనిమిదే సరి. అనుమానముంటే ఆవిణ్ణే అడగండి.”

సున్నా వేశాను. మొదటి ప్రశ్నకు పట్టిక రెండుసార్లు చూసి వేశాను. తర్వాత్తర్వాత చూడకుండానే వేశాను. మొత్తం పేపరు తప్పింది. కాస్త చూసుకోమన్నావుగా, చూసుకున్నాను.

రెండో కాగితం తీసుకున్నాను, మొదటిది నిండిపోయింది.

ఇది చూసి నేను రాక్షసినని అనుకుంటావు. అనుకో. దానికి మార్కులు వేస్తే తనిఖీలో కొట్టేస్తారు, నన్నూ తీసేస్తారు. ఆ రెండూ నిజమే గానీ, నేను సున్నా వేసింది అందుకు కాదు. ఊరి పిల్లలంటే నీకు లెక్క లేకపోయింది, నీ పిల్లంటే ఉంటుందేమోనని వేశాను. ఫలితాలు ఖరారయ్యేది శుక్రవారం. ఆలోపు నువ్వు వెళ్లి పట్టిక తప్పని ఒక్క మాట చెబితే ఆ సున్నాలన్నీ నూటికి నూరవుతాయి. నీ కుర్చీ పోతుంది. నా ఉద్యోగం పోతుంది. పోనీ! ఇద్దరం వంటింట్లో కూర్చుని తిట్టుకుందాం, దాని ఏడాది దక్కుతుంది.

నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. వెళ్లి చెప్పు. అది అన్నం తినకుండా వెతికి ఉంటుందే.

అక్క

*

ఇంటి నుంచి,
జూన్

అక్కకి,

శుక్రవారం వెళ్లలేదు. పై అంతస్తుకు మెట్లెక్కాను, తలుపు దాకా వెళ్లాను, దిగి వచ్చేశాను. నాకు పైపోస్టు ఇచ్చారు. వచ్చే నెలలో చేరాలి.

అమ్మాయి పుస్తకాలన్నీ అట్టపెట్టెలో పెట్టేసింది. మొదట నాతో వాదించింది, దిద్దినవాళ్లెవరో మొద్దులని, పెద్దమ్మ చూసుంటే ఎగిరి గంతేసేదని. ఎవరు దిద్దారో చెప్పమని పై ఆఫీసుకు అర్జీ పెడతానని కూర్చుంది. అర్జీ వెళితే మొత్తం బయటికొస్తుంది. అందుకని దిద్దింది నువ్వేనని నేనే చెప్పేశాను.

నమ్మలేదు. పెద్దమ్మ అలా చెయ్యదంది. నీ మే నెల ఉత్తరం తెచ్చి దాని చేతికిచ్చాను.

మొదటి కాగితం మాత్రమే ఇచ్చాను.